నలభై ఎడమ చేతులు

కత్తెర మెషిను ఆపి, నర్సుల కోట్ల కోసం కోసిన చేతుల కట్టను విడదీశాను. పైది ఎడమ చెయ్యి. దాని కిందదీ ఎడమే. నలభై పొరలూ విప్పి చూశాను, ఒక్క కుడి చెయ్యి లేదు. ముందు భాగాలూ వీపు భాగాలూ అంతే, అన్నీ ఎడమ సగాలే. కొంప మునిగింది!

పంతొమ్మిదేళ్ళు కటింగ్ మాస్టర్‌గా చేశాను నేను. మొదటి ఫ్యాక్టరీ మూతపడింది. రెండోది గేటు మీద కాగితం అంటించేసి ఎక్కడికో తరలిపోయింది. మూడోదాంట్లో కంప్యూటర్ మెషిను తెచ్చి, దానికి పని నేర్పమని నన్నే నిలబెట్టారు. బుద్ధిగా నేర్పాను. అది నేర్చుకోగానే నన్ను పొమ్మన్నారు. నా అంత తెలివైన మనిషి ఎక్కడైనా ఉంటుందా! ఆ ఒళ్ళుమంటతోనే ఇంటి ముందుగదిలో సొంత షాపు పెట్టాను. మూడు నెలలకు దొరికిన మొదటి పెద్ద ఆర్డరు ఇది. ఆసుపత్రి నర్సులకు ఇరవై కోట్లు కుట్టి సోమవారానికి ఇవ్వాలి.

ఎలా తప్పానో చెప్తే నవ్వుతారు. కోసేటప్పుడు గుడ్డ మీద కొలతకు పెట్టే అట్ట కోటులో సగానికే ఉంటుంది. గుడ్డను ఒక పొర మంచివైపు పైకి, దాని మీద పొర మంచివైపు కిందికి, ఎదురెదురుగా పరిస్తే ఒకే కోతలో ఎడమా కుడీ రెండూ వస్తాయి. నేను అన్ని పొరలూ మంచివైపు పైకే పరిచాను. లక్షల చేతులు కోశాను గానీ, ఇన్నేళ్ళలో గుడ్డ ఒక్కసారీ పరిచిన పాపాన పోలేదు. పరిచే మనిషి వేరే ఉండేవాడు. పరిచాక నేను మహారాణిలా వెళ్ళి కోసేదాన్ని.

జరిగింది చెప్తే మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"సగం ముక్కలు తిప్పి కుట్టెయ్. ఎవడు చూడొచ్చాడు?"

"ఒక పక్క నిగనిగ, ఒక పక్క గరుకు. నర్సులైతే వేసుకోరు. మీరు వేసుకు తిరుగుతారా?"

"నా మీద అరిస్తే కుడి చేతులు మొలుస్తాయా? మొన్న మీ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడుగా, చెకింగ్ టేబుల్ దగ్గర ఖాళీ ఉందని. రేపటిలోగా చెప్పమన్నాడు. కూర్చుని చేసే పని. హాయిగా ఒప్పుకోరాదూ?"

ఆయన మాటలో తప్పేమీ లేదు, అందుకే మరీ మండింది. ఈ ఆర్డరు పోతే ఆసుపత్రివాళ్ళు మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు. షాపు మూసుకుని వెళ్ళి, నేను పని నేర్పిన మెషిను కోసిన గుడ్డల్లో తప్పులు వెతుక్కుంటూ కూర్చోవాలి. ఛీ, నా వల్ల కాదు.

ఫోన్ తీసి బాబాయికి చేశాను. ఆయన నాకు చుట్టమేమీ కాదు. ఫ్యాక్టరీలో గుడ్డ పరిచేవాడు ఆయనే. పొద్దస్తమానం పరుస్తూ ఉంటాడని అందరం పరుపుల బాబాయి అనేవాళ్ళం. నాతోపాటే ఆయన్నీ తీసేశారు. అరగంటలో వచ్చి, కట్ట విప్పి చూసి, పగలబడి నవ్వాడు.

"నవ్వకు బాబాయ్, ఏడుపొస్తోంది."

"ఏడవమ్మా, ఎవరొద్దన్నారు? ముందు కొట్లో అదే గుడ్డ ఇంకా ఉందేమో కనుక్కో."

కనుక్కున్నాను, ఉంది. బాబాయి బల్ల మీది పీలికలు దులుపుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"షాపు పెట్టి మూడు నెలలైందట. నాకో మాట చెప్పలేదేం?"

తీరిక దొరకలేదని నోటిదాకా వచ్చింది. కానీ పిలవగానే పరిగెత్తుకొచ్చిన మనిషితో ఆ అబద్ధం ఆడలేకపోయాను.

"గుడ్డ పరవడానికి కూడా ఒక మనిషా అనుకున్నాను బాబాయ్. చెప్తే పని అడుగుతావని దాచాను."

బాబాయి చెయ్యి ఆగిపోయింది.

"ఈ అమ్మాయి చేతిలో ఒక్క పొర కూడా పాడవదని నేను నలుగురికీ చెప్పుకునేవాణ్ణి," అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది.

"సరే, కుడి సగాలకి ఎన్ని పొరలు పరవను?" అన్నాడు. "ఇరవై పరిస్తే నీ ఆర్డరు గట్టెక్కుతుంది, మిగిలిన ఇరవై ఎడమలూ చెత్తలోకి. నలభై పరిస్తే నలభై కోట్లవుతాయి. ఎక్కువైన ఇరవై నువ్వే ఊరంతా తిరిగి అమ్ముకోవాలి."

"ఇరవై," అన్నాడు మా ఆయన గుమ్మంలోంచి.

నిజానికి నాకూ అదే అనాలని ఉంది. ఇన్నేళ్ళూ పనే నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆసుపత్రుల మెట్లెక్కి, మా కోట్లు చూడండి అని అడగడం నాకు చేతకాదు. పని అడుగుతాడని ఒక మనిషికి మొహం చాటేసినదాన్ని, రేపు నన్ను చూసి ఎంతమంది మొహం చాటేస్తారో!

"నలభై," అన్నాను.

"అమ్ముడుపోకపోతే?"

"నాకేం తెలుసండీ! తిరగనివ్వండి, అప్పుడు తెలుస్తుంది!"

సాయంత్రానికి గుడ్డ వచ్చింది. మంచివైపు కిందికి పెట్టి, బాబాయి తన కొస సర్దాడు. రెండో కొస పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.

"రోజూ రా బాబాయ్," అన్నాను.

"ముందు ఆ ఇరవై అమ్ముకో తల్లీ. నలుగురినీ అడగడం ఎలా ఉంటుందో చూసిరా," అన్నాడు ముడత సరిచేస్తూ. "అప్పుడు నన్ను అడుగు. వస్తానో రానో అప్పుడు చెప్తాను."