తడి ఆరని పేరు

మంగళవారం వచ్చిందంటే ఆట్రాక్టా మల్వీ ఐర్లండులోని కిల్‌మార్నా చర్చి ఆఫీసు తలుపు తీసి, టీకి నీళ్లు పెట్టి, జ్ఞానస్నానపు పుస్తకాలన్నీ బల్లమీదికి దించుతుంది. పేజీకీ పేజీకీ మధ్య అద్దుడు కాగితం మార్చాలి. లేకపోతే అంటుకుపోతాయి. ఆ పుస్తకాల్లో మనిషి బతికున్నంత కాలం పేరు తడిగానే ఉంటుంది. పోయిన రోజున ఆరిపోతుంది. ఇరవై రెండేళ్లుగా ఆమెకిది గిన్నెలు తోముకోవడంలాంటి పని.

మధ్యలో ఫోన్లొకటి.

“మా మాలకీ తడిగానే ఉన్నాడా, ఆట్రాక్టా? బోస్టన్ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.”

“శుభ్రంగా ఉన్నాడు. ఫోను చెయ్యడానికే వాడికి చెయ్యి రావడం లేదు.”

“అమ్మయ్య! అయితే ఇక తిట్టొచ్చన్నమాట.”

ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో ఓ అమ్మాయి నిలబడి ఉంది. ఏడు నెలల కడుపు. పేరు లోర్నా, బర్మింగ్‌హామ్ నుంచి వచ్చింది.

“మా అమ్మమ్మ సమాధి వెతుక్కుంటూ వచ్చానండీ. డింప్నా కిల్‌కాలీ. ఈ ఊళ్లోనే పుట్టిందట.”

“ముందు కూర్చో తల్లీ. సమాధి ఎక్కడికీ పోదు.”

లోర్నా కూర్చుని టీ తాగుతూ సంగతి చెప్పింది. అమ్మమ్మ ఐర్లండులో పుట్టింది కాబట్టి తనకి ఇక్కడి పౌరసత్వం వస్తుంది. అయితే బిడ్డ పుట్టేలోగా తన పేరు విదేశీ జననాల రిజిస్టరులోకి ఎక్కాలి. అప్పుడే బిడ్డకీ వస్తుంది. ఒక్కరోజు ఆలస్యమైనా బిడ్డకి లేదు. దరఖాస్తు పెట్టి చాలా కాలమైంది, ఒక్క కాగితం దగ్గర ఆగిపోయింది. అమ్మమ్మ బతికుంటే ఆవిడ గుర్తింపు కాగితం, పోయుంటే మరణపత్రం కావాలి.

“మా అమ్మకి ఆరేళ్లప్పుడు వెళ్లిపోయిందట. చచ్చిపోయిందని తాతయ్య చెప్పాడు. ఇంగ్లండంతా గాలించాను, మరణపత్రం ఎక్కడా లేదు. ఇక్కడికొచ్చి పోయిందేమోనని...”

“ఏ సంవత్సరం పుట్టింది?”

“ముప్ఫై ఏడు.”

“మా పుస్తకంలో తడి పేరంటే మనిషి బతికున్నట్టే,” అంటూ ఆట్రాక్టా ఆ ఏటి పుస్తకం తెరిచింది. పేజీలో పన్నెండు పేర్లుంటే మెరుస్తున్నవి రెండే. రెండోదాని మీద లోర్నా వేలు పెట్టింది. వేలి కొన నీలంగా అయింది. దాన్ని చాలాసేపు చూసుకుంది.

“అయితే మరణపత్రం దొరకదన్నమాట,” అంది.

“దొరకదు మరి.”

ఎవరెక్కడ పెళ్లి చేసుకున్నా ఆ చర్చి నుంచి కబురొస్తుంది, పుట్టిన ఊరి పుస్తకంలో పేరు పక్కన రాసుకుంటారు. డింప్నా పేరు పక్కన రెండు పెళ్లిళ్లున్నాయి. మొదటిది బర్మింగ్‌హామ్‌లో. రెండోది తొంభై రెండులో, బాలినాలో, పక్కీ డర్కన్ అనే అతనితో.

“మీ తాతెప్పుడు పోయాడు?”

“ఎనభై తొమ్మిదిలో.”

“అయితే తప్పేం లేదులే,” అంటూ ఆట్రాక్టా కోటు తీసుకుంది. “పద, నా కారుంది. గంట కూడా పట్టదు.”

బాలినాలో డర్కన్ ఇల్లు అడిగితే పోస్టాఫీసులో చెప్పారు. తలుపు తీసిన ముసలావిడ చేతులకి పిండి అంటుకుని ఉంది.

“రొట్టెలు అమ్మేది శనివారమమ్మా.”

“రొట్టెలకి కాదండీ. నేను బెర్నీ కూతుర్ని.”

డింప్నా పిండి చేతులతోనే తలుపు పట్టుకుంది. లోర్నా భుజం మీదుగా కారు వైపు చూసింది.

“అది రాలేదా?”

“అమ్మ పోయింది. మూడేళ్లయింది.”

బెర్నీ పుట్టింది బర్మింగ్‌హామ్‌లో. కిల్‌మార్నా పుస్తకంలో లేదు. తడో పొడో చెప్పేవాళ్లెవరు? ముసలావిడ వెనక్కి జరిగి కుర్చీలో కూలబడింది. ఆట్రాక్టా వెళ్లి, మాడుతున్న రొట్టెని పొయ్యిలోంచి బయటికి తీసింది.

“మీ తాత తాగొచ్చి కొట్టేవాడు,” అంది డింప్నా చివరికి. “పిల్ల నిద్రపోతుంటే వచ్చేశాను. దాని కోసం రెండుసార్లు వెళ్లాను. తలుపు తియ్యలేదు. మూడోసారి ఎందుకెళ్లలేదో ఇప్పుడు నన్నడక్కు. బెర్నీ నన్ను తిట్టుకుందా?”

“చచ్చిపోయావని చెప్పారు ఆమెకి. చచ్చినవాళ్లని తిట్టే రకం కాదు మా అమ్మ.”

డింప్నా తల ఊపింది. తర్వాత లోర్నా కడుపు వైపు చూసింది.

“ఇప్పుడు నా దగ్గరేం కావాలి నీకు?”

“నువ్వు బతికున్నట్టు కాగితం.”

“అంతేనా?”

ఆవిడ లేచి చేతులు కడుక్కుని, లూర్డు పుణ్యక్షేత్రానికి వెళ్దామని తీయించుకుని ఎక్కడికీ వెళ్లకుండా ఉంచుకున్న పాస్‌పోర్టు పట్టుకొచ్చింది. వీధి చివర లాయరు దాని నకలు మీద సంతకం పెడుతూ, “ఈ అమ్మాయి మీకేమవుతుంది, మిసెస్ డర్కన్?” అని మాటవరసకి అడిగాడు. ఆవిడ “మనవరాలు,” అంది. అతను చెవిటివాడేమోనన్నట్టు మళ్లీ అంది.

ఆగిన దరఖాస్తు కదిలింది. లోర్నా పేరు రిజిస్టరులోకి ఎక్కిన పందొమ్మిది రోజులకి ఆడపిల్ల పుట్టింది.

ఆ వారమే ఓ మధ్యాహ్నం డింప్నా డబ్లిన్‌లో ఇంగ్లండు వెళ్లే ఓడెక్కింది. పక్క సీటులో ఊలు అల్లుకుంటున్న ఆవిడ, ముసలావిడ నల్లకోటూ, ఒళ్లో ఉన్న పసిపిల్లల గౌనూ చూసి తేల్చుకోలేకపోయింది.

“ఇంతకీ పుట్టినవాళ్ల దగ్గరికా, పోయినవాళ్ల దగ్గరికా?”

“రెండు చోట్లకీ,” అంది డింప్నా. “ఒకచోటికి ఆలస్యమైంది. ఇంకోచోటికి మాత్రం వేళకే పోతున్నా.”