తవిటమ్మ గోడకు రెండు పూతలు

నేను ఒక సున్నం కుంచెను. కాలవ గట్టున మొగలి ఊడను కోసి, నానబెట్టి, పీచు విడేదాకా రాతి మీద చితక్కొట్టి నన్ను తయారుచేసినవాడు అసిరయ్య. అన్ని దెబ్బలు తిని కుంచెనయ్యాను కాబట్టి నా పనంటే నాకు గర్వం. పెళ్లి కుదిరిన ప్రతి ఇంటివాళ్లూ మా ఇద్దర్నీ పిలిచేవారు. ఎంత ముసలి గోడనైనా ఒక్క పూటలో పడుచుదాన్ని చేసి వచ్చేవాళ్లం. గోడను బాగుచేయమని మనుషులు ఎప్పుడూ అడగరు, బాగున్నట్టు కనిపిస్తే చాలంటారు.

అసిరయ్య పోయాక ఆయన భార్య తవిటమ్మ నన్ను చూరులో దోపింది. అది ఆయన తన చేతులతో కట్టిన రెండు గదుల పెంకుటిల్లు. కొన్నాళ్లకు కొండ వెనక రాతి క్వారీ వచ్చింది. అక్కడ మందు పేలినప్పుడల్లా ఇక్కడ పెంకుల సందుల్లోంచి మట్టి రాలేది. గోడలు బీటలు వారాయి. ముందుగదిలో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి పోయారు. ఆ వీధిలో ఇల్లు కొంటామని వచ్చేవాళ్లే లేరు, క్వారీ యజమాని తప్ప. ఆయన కారుచౌకగా అడుగుతున్నాడు. పురపాలక ఆఫీసు మాత్రం ఆ వీధికి వెనకటి విలువే కట్టి పన్ను నోటీసు పంపింది. అంత పన్ను తవిటమ్మ వల్ల కాదు. అది తగ్గకపోతే ఇల్లు క్వారీ యజమాని చేతిలో పెట్టాల్సిందే.

ఆమె తగ్గించమని అర్జీ పెట్టుకుంది. సాక్షి సంతకాల కోసం వీధంతా తిరిగింది. ఒక్కరూ పెట్టలేదు. పక్కింటి లచ్చుమక్క, కొడుక్కి సంబంధాలు చూస్తున్న సమయంలో వీధిలో ఇళ్ల ధర పడిపోయిందని తన చేత్తో తనే ఎలా రాసివ్వాలని తప్పుకుంది. ఎవరి బీటలకు వాళ్లు సున్నం పూసుకుని, వీధిలో అందరి ఇళ్లూ నిక్షేపంగా ఉన్నట్టు, ఒక్క తవిటమ్మ ఇల్లే చెడినట్టు మాట్లాడారు.

శుక్రవారం పదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చి ఇల్లు చూస్తాడని కబురొచ్చింది. తవిటమ్మ ఇల్లంతా ఒకసారి కలియజూసుకుంది. ఆఫీసరు మొదటిసారి గడప తొక్కబోతున్నాడు, ఇల్లేమో ఇలా ఉంది. బుధవారం పొద్దున్నే నన్ను చూరులోంచి లాగింది. బీటల్లో సున్నమూ ఇసుకా కూరింది. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి, రెండు పూతలు వేసింది. చాలా ఏళ్లకు దొరికిన పని కదా, నేనూ ఒళ్లు దాచుకోలేదు.

సాయంత్రం లచ్చుమక్క వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటే తవిటమ్మా, పెళ్లివారొస్తన్నారేటి?"

"ఆఫీసరు బాబొస్తన్నాడక్కా. బీటలోరిన గోడకాడ కూకోబెడితే ఏటి బాగుంటాది?"

"ఆ బీటలు సూడ్డానికే గదే ఆయనొస్తన్నాడు!"

తవిటమ్మ చేతిలోంచి నేను జారి కింద పడ్డాను. గురువారమంతా ఆమె గోడ ముందు కూర్చుంది. కొడవలితో గీకబోయి, మొగుడు కట్టిన గోడ కదా, చెయ్యి రాక మానేసింది. నా పనితనం చూసుకుని నేను సిగ్గుపడటం అదే మొదలు.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు మోహనరావు వచ్చాడు. లచ్చుమక్క ఇంటి నుంచి తెచ్చిన కుర్చీలో కూర్చుని, టీ తాగి, చుట్టూ చూశాడు.

"ఇల్లు కొత్తదానిలా ఉందమ్మా. విలువ పడిపోయిందని నేనెలా రాయను?"

ఆయన కాగితాలు సర్దుకుని లేచాడు. అప్పుడు తవిటమ్మ నన్ను వట్టి నీళ్ల బకెట్లో ముంచింది. సున్నం కొట్టే ముందు గోడను నీళ్లతో తడిపి, లోపం ఎక్కడుందో చూసుకోవడం అసిరయ్య పద్ధతి. పక్కన నిలబడి నీళ్లు అందించింది ఈమే.

"ఒక్క పాలి ఆగండి బాబూ."

గోడ మీద ఆ మూల నుంచి ఈ మూలకు నన్ను ఈడ్చింది. తడిసిన సున్నం పలచబడింది. కూరిన చోటల్లా నీళ్లు పీల్చుకుని నల్లటి గీత తేలింది. కప్పు కింద మొదలైన గీత కిటికీని చుట్టి నేల దాకా దిగింది. నా పుట్టుకలో నేను గోడ గుట్టు పైవాళ్లకు బయటపెట్టడం అదే మొదటిసారి.

మోహనరావు గీత మీద వేలుపెట్టి చూశాడు. మళ్లీ కూర్చుని చాలాసేపు రాశాడు. ఆయన బయటికొచ్చేసరికి లచ్చుమక్క తన గోడ కూడా చూడమంటూ తన గుమ్మంలో నీళ్ల బకెట్టుతో నిలబడి ఉంది. ఆ వీధిలో ఆ పూట నేను పదకొండు గోడలు తడిపాను. సగం పీచు రాలిపోయింది.

నెల తిరక్కుండా పన్ను తగ్గిస్తూ ఉత్తరువు వచ్చింది. క్వారీ యజమాని మళ్లీ వస్తే తవిటమ్మ కూర్చోమని కూడా అనలేదు.

ఇప్పుడు నేను చూరులోనే ఉన్నాను. లచ్చుమక్క కొడుక్కి పెళ్లి కుదిరింది. పెళ్లివారు వస్తారు, నీ గోడక్కూడా ఓ పూత వెయ్యవే అని ఆమె పోరుతోంది. తవిటమ్మ నన్ను ముట్టుకోదు.

"అదలాగే ఉండనీ అక్కా. ఆ బాబు మళ్లీ వస్తే ఏటి సూపించీది?"