గెట్టిమేళం

మునివెంకటప్ప కేక ఎవరికీ వినబడలేదు. వినబడకుండా చేసింది ఏకాంబరం డోలు.

చిత్తూరులో పాలెగాళ్ల నాటి మహలును భూస్వామి పరంధామయ్య సంగీత క్లబ్బుగా మార్చాడు. పాట విద్వాంసులకు లోపల వేదిక. మేళగాళ్లకు వాకిలి మెట్లు, అదీ ఉత్తరీయం నడుముకు చుట్టుకుంటేనే. ఆ రోజు నాదస్వరం మునివెంకటప్ప ఉత్తరీయం భుజాన వేసుకుని వేదిక ఎక్కాడు. పరంధామయ్య మనుషులు అతన్ని పడేసి, చేతివేళ్లను బూట్లతో తొక్కారు. పరంధామయ్య వాకిలి వైపు తిరిగి చూపుడువేలు ఆడించాడు. తాళి కట్టేటప్పుడు తుమ్ము వినబడకుండా గెట్టిమేళం కొట్టమనే సైగ అది. ఏకాంబరం కళ్లు అంతా చూస్తూనే ఉన్నాయి. చేతులు మాత్రం ఆ వేలి మాట విన్నాయి.

మునివెంకటప్ప ఇంట్లో మేళగాళ్లూ, నేత కార్మికులూ చేరారు. వరదమ్మ మొగుడికి ముద్దలు కలిపి తినిపిస్తోంది.

"మెట్ల మీద పడినాడని క్లబ్బోళ్లు అంటా ఉండారే?" అన్నాడు నేత సంఘం ప్రేమానందం.

"ఏకాంబరన్నను అడగప్పా. ఆడనే ఉన్నాడు," అంది వరదమ్మ.

ఏకాంబరం తలెత్తలేదు. "తొక్కినారు. ఆయప్ప వేలు ఆడించినాడు. నేను కొట్టినాను."

"ఎవురి పెండ్లి అనుకున్నావన్నా?" అంది వరదమ్మ.

ముసలి డోలు చిన్నబ్బ గొణిగాడు. "ఆయప్పతో పెట్టుకుంటే మళ్లా మనల్ని మేళానికి పిలిచే ఇల్లు ఉండాదా?"

"క్లబ్బు వార్షికోత్సవానికి మీరు మానేస్తే ఇంకొకర్ని తెస్తాడు," అన్నాడు ప్రేమానందం. "పోండి. గేటు కాడ మేం అడగతాం. మా గొంతు మీద మీ డోలు పడకుంటే సాలు."

మునివెంకటప్ప ముద్ద మింగాడు. "నా కేక పోయింది. ఇంకొకరిది ముంచొద్దండప్పా."

క్లబ్బు వార్షికోత్సవానికి తెల్లదొర వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. గేటు దగ్గర జనం ఒక్క గొంతుతో అడిగారు.

"మునివెంకటప్ప వేళ్లు తొక్కిందెవురు?"

పరంధామయ్య వేలు లేచింది. ఏకాంబరం చేతులు అలవాటుగా డోలు మీదికి వెళ్లాయి. తన చేతులంటే తనకే అసహ్యం వేసింది. పుల్ల కింద పెట్టాడు. నడుముకున్న ఉత్తరీయం విప్పి భుజాన వేసుకున్నాడు. అతన్ని చూసి చిన్నబ్బ, తక్కిన డోళ్లవాళ్లూ చేతులు ముడుచుకున్నారు.

"కొట్టరా," అన్నాడు పరంధామయ్య.

"ఈడ పెండ్లి యాడ జరగతా ఉండాది సామీ?"

ఆ నిశ్శబ్దంలో గేటు దగ్గరి ప్రశ్న మహలు గోడలకు తగిలి తిరిగి వచ్చింది. దొర తల తిప్పాడు.

"తొక్కించింది ఈయప్పే. నేను సూసినాను," అన్నాడు ఏకాంబరం. "కేక వినబడకుండా కొట్టిన పాపం నాది."

సభ పాడుచేశాడని, దొర వెంట వచ్చిన ఇనస్పెక్టరు ఏకాంబరానికే బేడీలు వేసి మెట్లు దించాడు. జనం దారి ఇవ్వలేదు. లాఠీలకు పని చెప్పమనడానికి ఇనస్పెక్టరు నోరు తెరిచాడు.

గేటు దగ్గర మునివెంకటప్ప కట్లు కట్టిన చెయ్యి ఎత్తాడు. ఇంకా కదిలే ఒక్క వేలిని ఆడించాడు.

మెట్ల మీద డోళ్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఇనస్పెక్టరు ఎంత అరిచినా, ఆ ఉత్తర్వు ఒక్క పోలీసుకూ వినబడలేదు.