ఐస్‌క్రీం అని రాసిన మందు

"ఫ్రిజ్‌లో ఐస్‌క్రీం ఎవరిదర్రా? మాకు ఒక్క చెంచా అయినా పెట్టరా?" అని భోజనాల దగ్గర ఎవరో అడిగితే అందరితో పాటు కాజాలక్క కూడా నవ్వింది.

ఆ బట్టల ఫ్యాక్టరీలో చేత్తో కాజాలు కుట్టేది ఆమె ఒక్కతే కాబట్టి ఆ పేరు. నాలుగేళ్ల క్రితం ఆ వేళ్లే ఉబ్బిపోయి, పొద్దున్నే దువ్వెన కూడా పట్టనిచ్చేవి కావు. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారితప్పి సొంత కీళ్ల మీద పడే జబ్బు అది. మాత్రలకు లొంగలేదు. పదిహేను రోజులకొకసారి పొడుచుకునే ఇంజెక్షన్ మొదలయ్యాకే ఆమె మళ్లీ సూది పట్టింది. ఆసుపత్రిలో ఆ మందు పొద్దుటిపూటే ఇస్తారు. సాయంత్రం దాకా దాన్ని క్యాంటీన్ ఫ్రిజ్‌లో పెట్టుకుంటుంది.

తిన్న గిన్నె కడుక్కుని చూస్తే మందు డబ్బా పెట్టినచోట లేదు. పొద్దున ఇక్కడ పెట్టిన డబ్బా ఏదని అడిగింది.

"ఆ ఐస్‌క్రీమా? కరిగిపోతుందని పొద్దున్నే పైన ఐసు అరలో పెట్టానమ్మా," అంది క్యాంటీన్ పిన్ని.

డబ్బాకు తెల్లకాగితం చుట్టి ఉంది. దాని మీద 'ఐస్‌క్రీం' అని సూపర్‌వైజర్ చేతిరాత. కాగితం చింపితే కింద ఎర్రటి అక్షరాలు: గడ్డకట్టనివ్వకూడదు. లోపల మందు రాయిలా బిగుసుకుపోయింది.

ఆమె డబ్బా పట్టుకెళ్లి అడిగితే సూపర్‌వైజర్ నీళ్లు నమిలాడు. "మన చొక్కాలు కొనే పెద్ద కంపెనీవాళ్లు ఇవాళ చూడ్డానికి వస్తున్నారక్కా. సూదిమందు కనిపిస్తే ఇక్కడ రోగిష్ఠివాళ్లు పనిచేస్తున్నారనుకోరూ? నీ మంచికే చుట్టాను. అయినా కరిగాక పొడుచుకో, మందు మందేగా!"

ఆమె ఆసుపత్రి నర్సుకు ఫోన్ చేసింది. "కరిగినా వాడొద్దమ్మా. పాడైందో లేదో చూస్తే తెలియదు. ఇంకొకటి రావడానికి పది రోజులు పడుతుంది."

పది రోజులు! కాజాలక్క తన వేళ్లకేసి చూసుకుంది. ఒళ్లు మండిపోయింది. సూపర్‌వైజర్ మీద ఎంత మండిందో, తన మీద తనకూ అంతే మండింది. మూడేళ్లుగా తను మాత్రం చేసిందేమిటి? అన్నం గిన్నె చాటున ఆ డబ్బాను దొంగసొత్తులా దాచింది. మనలో ఎంతమందిమి అలా దాచలేదు కనుక!

అప్పుడే ఆ కంపెనీవాళ్లు కుట్టుహాలులోకి వచ్చారు. కాజాలక్క నేరుగా వాళ్ల ముందుకు వెళ్లింది.

"అయ్యా, ఇది నా మందు. మీకు కనబడకూడదని దీన్ని ఐస్‌క్రీం చేశారు. నా జబ్బు ఎవరికీ అంటుకోదు. మీరు కొనే చొక్కాల కాజాలు ఈ వేళ్లే కుట్టాయి. రేపు ఇవి బిగుసుకుపోతే ఎవరిది బాధ్యత?"

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. వచ్చినవాళ్లలో ఒకాయన డబ్బా అందుకుని ఎర్రటి అక్షరాలు చదివాడు. మూలనుంచి, బట్టల అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను బాబాయి లేచి, మిషను కింది సంచిలోంచి చిన్న సీసా తీశాడు.

"నా షుగర్ ఇంజెక్షనూ ఇక్కడే ఉడికిపోతోంది తల్లీ. ఫ్రిజ్‌లో పెట్టడానికి సిగ్గేసింది."

కాజాలక్క వెనకే హాలులోకి వచ్చిన క్యాంటీన్ పిన్ని కళ్లు తుడుచుకుంటూ వెళ్లి ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేసింది. కాజాలక్క చిరిగిన కాగితాన్నే తిరగేసి, 'మందులు' అని పెద్దక్షరాలతో రాసి ఆ అరకు అంటించింది. తర్వాత, వెంట వచ్చిన సూపర్‌వైజర్ వైపు తిరిగింది.

"నా మంచికే అన్నావుగా తమ్ముడూ, విను. రోగాన్ని దాచమన్నచోట మందు కూడా బతకదు."