ఎలీసమ్మకు రెండో కార్డు

మిషను ఆసుపత్రి కార్డుల గదిలో యేసురత్నం గారిది పదిహేనేళ్ళ సర్వీసు. ఆయన పద్ధతి ఒకటే. కొత్త రోగి వస్తే నిన్నటి ఆఖరి నంబరుకి ఒకటి కలిపి కార్డు మీద వేసేవారు, అదే నంబరు చిన్న అట్టముక్క మీద రాసి చేతికిచ్చేవారు. మళ్ళీ వచ్చినప్పుడు అట్టముక్క చూపిస్తే చాలు, నిమిషంలో కార్డు బల్ల మీద ఉండేది. కొత్త కార్డు ఎప్పుడూ ఆఖరి డబ్బాలోనే చేరేది గనక పాత డబ్బాలను కదిపే పని లేదు. అట్టముక్క పోగొట్టుకున్నవాళ్ళు వస్తే మాత్రం రిజిస్టరంతా తిరగెయ్యాలి, అరగంట పోయేది. ఆ సంగతి ఆయన ఎవరి దగ్గరా ఒప్పుకునేవారు కాదు.

1979లో సూపరింటెండెంటుగా వచ్చిన డాక్టరు కృపారావు గారు సరిగ్గా ఆ అరగంటనే పట్టుకున్నారు.

"నంబరు చూస్తే మనిషి తెలియాలండీ. ఊరు, ఇంటిపేరు, రికార్డులో పేరు, పుట్టిన సంవత్సరం కలిపి ఒక కోడు వేద్దాం. అట్టముక్క పోయినా నోటితో చెబితే కార్డు దొరుకుతుంది."

"ఊళ్ళు మారతారండీ. పుట్టిన ఏడు ఎవరికి తెలుసండీ? పెద్ద తుఫానుకి ముందో వెనకో అంటారు."

"అదే అలవాటైపోతుంది లెండి."

"ఆయ్," అన్నారు యేసురత్నం గారు. అందులో ఒప్పుదల కంటే ఉక్రోషమే ఎక్కువ.

పన్నెండు వేల కార్డులకు కొత్త కోడు వేసేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ తరవాత మొదలయ్యాయి అసలు తిప్పలు. కొత్త కార్డు ఇప్పుడు ఆఖరున చేరదు, ఏదో ఒక ఊరి డబ్బా మధ్యలో దూరాలి. రాజోలు డబ్బా నిండిపోతే సగం కార్డులు తీసి ఇంకో డబ్బాలోకి సర్దాలి. అంత పొడుగు కోడు రాసేలోపు కిటికీ ముందు వరస వరండా దాటేది. అట్టముక్కలు పోగొట్టుకున్నవాళ్ళ కార్డులు మాత్రం ఇట్టే దొరికేవి. అది చూసి ఆయనకు ఇంకా ఒళ్ళు మండేది.

ఆగస్టులో ఒక పొద్దున, కాలు వాచి కుంటుకుంటూ ఒక ముసలావిడ కిటికీ దగ్గరికి వచ్చింది. ఆయన చూడగానే గుర్తుపట్టారు. కొత్తపేట ఎలీసమ్మ.

"పేరు చెప్పమ్మా."

"చిట్టెమ్మండీ. ఇప్పుడు మలికిపురంలో మా అమ్మాయి దగ్గర ఉంటన్నానండీ. రికార్డులో పేరే చెప్పాలన్నారు కదాని రేషను కార్డు తెచ్చేను."

చర్చిలో ఒక పేరు, కాగితాల్లో ఒక పేరు ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో ఉన్నదే. పాత కార్డు కొత్తపేట డబ్బాలో ఎలీసమ్మ అనే చర్చి పేరుతోనే ఉందని ఆయనకు తెలుసు. తీసి ఇస్తే పోయేది. కానీ రూలు ప్రకారం మలికిపురం డబ్బాలో వెతికారు. లేదు. రూలు ప్రకారమే కొత్త కార్డు రాశారు. రాస్తుంటే లోలోపల సంతోషం కూడా వేసింది. ఒకే మనిషికి రెండు కార్డులు! ఇవాళ డాక్టరు గారి బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా నిలబడాలనుకున్నారు.

వరస తగ్గాక, ఆ సాక్ష్యం కోసమే పాత కార్డు బయటికి తీశారు. పైన ఎర్ర సిరాతో రాసి ఉంది: పెనిసిలిన్ పడదు, పరీక్ష సూదికే స్పృహ తప్పింది.

యేసురత్నం గారు ఆ కార్డు పట్టుకుని లేచారు. పరిగెత్తారు, వరండాలో జనాన్ని తోసుకుంటూ. సూదుల గదిలో నర్సు జయమ్మ సిరంజిలోకి మందు లాగుతోంది.

"ఆగండి జయమ్మగారూ, పెనిసిలిన్ ఆవిడకి పడదు!"

జయమ్మ సిరంజి పక్కన పెట్టేసింది. "అడిగేనండీ. అన్నీ కార్డులో రాసేరు అందావిడ. కార్డు చూస్తే ఏమీ లేదు."

డాక్టరు గారు వచ్చి రెండు కార్డులూ చూశారు. వేరే మందు రాసి, యేసురత్నం గారి వైపు తిరిగారు.

"తప్పు నాదండీ. రేపట్నుంచి మళ్ళీ మీ నంబర్లే వెయ్యండి. పేర్లకి వేరే పుస్తకం పెడదాం, ఒక మనిషికి ఎన్ని పేర్లుంటే అన్నీ అందులో రాద్దాం. మీరు గుర్తుపట్టబట్టి సరిపోయింది."

ఇన్ని నెలలుగా యేసురత్నం గారు ఎదురుచూసిన మాట అదే. ఆ మాట విన్నందుకు ఆయనకు సిగ్గేసింది.

మంచం మీద కూర్చున్న ఎలీసమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "ఇంతమందిలో ఈ ముసలిదాని మొహం గుర్తుపెట్టుకున్నారు. నా ప్రాణం నిలబెట్టేరు బాబూ."

ఊరుకుంటే అంతటితో పోయేది. ఆయన ఊరుకోలేకపోయారు.

"కిటికీ దగ్గరే గుర్తుపట్టేనమ్మా. పాత కార్డుందని తెలిసే కొత్తది రాసేను. డాక్టరు గారి తప్పు చూపిద్దామని."

ఎలీసమ్మ ఆయన మొహంలోకి చూస్తూ, దణ్ణం పెట్టిన చేతులు మెల్లగా దించేసింది.