వాలిన తలలు

వారమంతా బస్సు నడిపి నడుం విరిగిన తమ్ముడు, ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్‌లో ఎక్కడెక్కడి వాళ్లో తలో బొమ్మగా వచ్చి కలిసే లోకంలో తన షో మొదలుపెట్టాడు. కెమెరా అతనిది, కబుర్లు వేరే ఊళ్లో నర్సుగా ఉన్న అక్కవి. ఆ లోకంలో కాసేపు మీట నొక్కకపోతే మన బొమ్మ తల వాలిపోతుంది. చూసేది ఆరుగురు. ఆరు తలలూ వాలే ఉన్నాయి.

"ఏరా, ఒక్కరైనా వింటున్నారా?"

"నీ మాటంటే చెవి కోసుకుంటారక్కా," అన్నాడు సిగ్గు లేకుండా.

రాత్రి డ్యూటీ చేసొచ్చిన అక్క మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె బొమ్మ తలా వాలింది. మైకులో సన్నగా గురక. ఖర్మరా అనుకుంటూ ముగింపు బాజా మోగించబోయాడు.

ఆరు తలలూ ఒక్కసారిగా లేచాయి.

"బాజా వద్దు బాబూ," అని ఒకరు టైపు చేశారు. "ఆవిణ్ణి పడుకోనివ్వండి."