బెల్లం సున్నం పెట్టిన బిరడా

మూసీకి పెద్ద వరద వచ్చినంక అరవై ఒకటో యేడు అది. ఆ వరద తర్వాత గండిపేట కట్టకు మట్టి మోయనీకి మా తాత పాలమూరు దిక్కు నుంచి వచ్చిండు. అందుకే మా ఇంట్ల యేండ్లు ఆడికెంచే లెక్క. ఆ యేడు పట్నమంతా లొల్లి. ఒకనాడు బందు, ఒకనాడు కర్ఫ్యూ. ఆంధ్రోళ్లు వాపస్ పోవాలని గోడల మీద రాతలు. నేను అశోక్‌నగర్ బస్తీల ఉంటుంటి. పైపుల పని చేస్తుంటి.

చిక్కడపల్లిల రాఘవేందర్ పటేల్ ఇల్లు. ముందల ఆయన కుటుంబం. వెనక పోర్షన్ల కిరాయికి శ్రీరామమూర్తి గారు, ఆయన తల్లి సుబ్బులమ్మ గారు. రాజమండ్రి దిక్కోళ్లు. ఆయనకు బషీర్‌బాగ్‌ల నౌకరి. రెండిండ్ల వంట నీళ్లు, స్నానం నీళ్లు ఒక్కటే పైపుల పోతయి. వెనక పెరట్ల ఆ పైపు మలుపు తిరుగుతది. ఆ మలుపు కాడ మరలు తిప్పి బిగించిన ఇత్తడి బిరడా ఉన్నది. అడ్డం పడితే బిరడా తీసి, లోపలికి కమ్మి తోసి సాఫ్ చెయ్యాలె.

మూడు దినాలుగ నీళ్లు పోతలేవు. ఎదురు తన్ని పటేల్ వాకిట్లకు వచ్చినయి.

పొద్దున గేటు కాడనే పటేల్ నన్ను ఆపిండు.

“బీరయ్యా, సాయంత్రం దాంక చూస్త. పైపు సాఫ్ గాకుంటే రేపు ఖాళీ చెయ్యమని వాళ్లకు చెప్పిన. పరేషాన్ చేస్తున్రు.” జర ఆగి, గొంతు తగ్గించిండు. “నువ్వు గూడ గంత తిప్పలు పడకు. ఊడకుంటే ఊడలేదను.”

సామాను సంచి భుజాన వేసుకున్న. వెనకకు పోయిన.

వరండల రెండు ట్రంకు పెట్టెలు తాళ్లు కట్టి ఉన్నయి. శ్రీరామమూర్తి గారు ఆఫీసుకు పోలేదు. పంచె ఎగగట్టుకొని నిలబడ్డడు.

“ఎలాగైనా తియ్యవయ్యా. హిమాయత్‌నగర్‌లో రెండిళ్లు అడిగాను. నేను నోరు తెరవగానే తలుపేసుకున్నారు.”

పానా పెట్టి గుంజిన. జారింది. మళ్లీ గుంజిన. బిరడా తలకు నాలుగు మూలలుంటే రెండు అరిగిపోయినయి. తప్పు నాదే. ముందు సక్కగ చూడాలె, తొందరపడ్డ. కిరసనాయిలు పోసి గంటసేపు కూసున్న. మెదలలె. గట్టిగ కొడితే పైపు పోత ఇనుము, పగులుతది. ఆనాడు బందు. నారాయణగూడ దాంక ఒక్క దుకాణం తెరిచిలేదు. పైపు పగిలితే ఆ పెట్టెలు లారీ ఎక్కినట్టే.

వంగి చూస్తే బిరడా చుట్టు తెల్లగ మందం కట్టి ఉంది. గోరుతోని గీకిన. రాలలె.

“ఏంది సార్ ఇది? సిమెంటు గాదు.”

వంటింటి గడప లోపలి నుంచి సుబ్బులమ్మ గారు అన్నది, “నేనే పెట్టాను నాయనా. సున్నం, బెల్లం కలిపి నూరి. ఆ సందులోంచి బొద్దింకలు వస్తుంటేనూ.”

“బెల్లమా?”

“మా ఊళ్లో డాబా కురిస్తే అదే పెడతారు. ఆరిందంటే రాయే.”

“రాయే అయింది పెద్దమ్మా.”

శ్రీరామమూర్తి గారు నెత్తి పట్టుకున్నడు. “మురుగు పైపుకి బెల్లం పెట్టావుటే అమ్మా!”

“బొద్దింక మీద పాకిందని వీధంతా వినపడేట్టు అరిచిందెవరురా? నేనా?”

నాకు నవ్వొచ్చింది. వెంటనే పటేల్ మాట యాదికొచ్చింది. ఊడలేదంటే అయిపోతది. అబద్ధం గూడ గాదు. సామాను సంచిల వేసుకొని ఇంటికి పోవచ్చు.

“అది ఇనుమా, ఇత్తడా?” అని ముసలామె అడిగింది.

“ఇత్తడే.”

“ఆ ముక్క ముందే చెప్పొద్దూ! గార కట్టిన ఇత్తడి బిందెలు యాభై ఏళ్లుగా తోముతున్నాను.”

లోపలికి పోయి చింతపండు ఉడకబెట్టి తెచ్చింది. మడి కట్టుకున్నది. దూరం నుంచే గిన్నె కింద పెట్టి జరిగింది. వేడి మీదనే చిక్కటి పులుసు బిరడా చుట్టు పూసిన. సన్నగ నురగ వచ్చింది. ఇనుప మొలతోని గీకిన.

“గీకకు. రుద్దు. అలా కాదయ్యా... జరుగు!”

కొంగు దోపుకొని, పీచు పట్టుకొని, పైపు పక్కన గొంతుక్కూసుంది.

“అమ్మా, నీ మడీ!” అన్నడు కొడుకు.

“మళ్లీ నీళ్లోసుకుంటాను. ఆ నీళ్లు పోవడానికి ముందు దారుండాలిగా!”

ఆమె రుద్దుడు, నేను పూసుడు. పొద్దు వాలె దాంక అదే పని. నాలుగో గిన్నెకు పైపుకు, బిరడాకు నడుమ సన్నని గీత కనపడ్డది. అంచు మీద ఉలితోని గాటు పెట్టిన. ముందు బిగించే దిక్కే ఒక దెబ్బ, చిన్నగ. తర్వాత ఊడే దిక్కు. మళ్లీ అటు, మళ్లీ ఇటు. కిర్రుమంది. చేతితోని తిప్పితే వచ్చింది.

నల్లటి నీళ్లు నా కాళ్ల మీదికెంచి పోయినయి. కమ్మి తోసి గుంజిన. పిడికిలంత ఉండ వచ్చింది.

చప్పుడుకు పటేల్ వచ్చిండు. “చూసినవా? కొబ్బరి పీచు. మా ఇంట్ల బొగ్గుతోనే తోముతరు. నేను చెప్తనే ఉన్న.”

నేను ఉండను విప్పిన. పీచు నడుమ మేక ఎముక. ఆ వెనకింటోళ్లు కోడిగుడ్డు గూడ ముట్టరు.

సుబ్బులమ్మ గారు “రామ రామ” అని మొఖం తిప్పుకున్నది. నేను ఎముకను అరచేతిల అట్లనే పట్టుకున్న.

పటేల్ ఎముకను చూసిండు. తన వంటింటి దిక్కు చూసిండు. చెవి గోక్కున్నడు. ఆఖరుకు శ్రీరామమూర్తి గారితోని అన్నడు, “సార్, ఆ పెట్టెలకు తాళ్లెందుకు కట్టిన్రు? విప్పున్రి.”

ఆనాటికి పైపు నోటికి గుడ్డ కుక్కి ఇంటికి పోయిన.

తెల్లారి నారాయణగూడల ఒక రిక్షా ఆయనను అడిగి ఒక ఆకుల జర గ్రీజు పెట్టించుకున్న. పోయేసరికి బిరడా కడిగి గట్టు మీద పెట్టి ఉంది, బంగారమోలె. పక్కన సుబ్బులమ్మ గారు సున్నం చిప్పతోని తయారుగ ఉన్నది.

“వద్దు పెద్దమ్మా” అని చిప్ప పక్కకు పెట్టించిన. మరలకు గ్రీజు రాసి బిరడా బిగించిన. సంచిలకెంచి పాత జల్లెడ తీసి రెండు ముక్కలు కోసిన. ఒకటి వెనక వంటింటి తూముకు కొట్టిన. ఇంకోటి పట్టుకొని, ముందలికి పోయి, పటేల్ వంటింటి తూముకు కొట్టిన.